ఎన్-400 నింపుతున్నాను: ప్రయాణాల తేదీలు, అమ్మ పుట్టిన తేదీ కచ్చితంగా తెలియకపోతే ఏం రాయాలి?

వంశధార

అందరికీ నమస్కారం. గ్రీన్‌కార్డు మీద 'రెసిడెంట్ సిన్స్' (శాశ్వత నివాసిని అయిన తేదీ) 2021 జూన్ 18 అని ఉంది. పౌరసత్వానికి ఎన్-400 ఆన్‌లైన్‌లో మొదలుపెట్టి తేదీల దగ్గర ఆగిపోయాను. తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఒకటి, ప్రయాణాలు. 2022 డిసెంబరులో ఇండియా వెళ్లి సంక్రాంతి తర్వాత వచ్చాం. 2024 జనవరిలో నాన్నగారి ఆపరేషన్ కోసం మళ్లీ వెళ్లి జులై మొదట్లో తిరిగొచ్చాను, అంటే సుమారు ఆరు నెలలు. మధ్యలో మయామీ నుంచి బహామాస్ క్రూజ్ ఒకటి, కారులో నయాగరా కెనడా వైపు ఒకసారి. పాస్‌పోర్టులో ఇండియా ముద్రలున్నాయి, అమెరికా ముద్రలు దాదాపు లేవు. నడుమ పాస్‌పోర్టు కూడా మారింది.

రెండు, ఇళ్లు, ఉద్యోగాలు. ఐదేళ్లలో నాలుగు అపార్ట్‌మెంట్లు మారాం. ఈ జనవరిలో న్యూజెర్సీ నుంచి ఆస్టిన్‌కి వచ్చాం. లీజు 5న మొదలైంది, మేం చేరింది 11న అనుకుంటాను. 2023లో లేఆఫ్ అయి మూడు నెలలు ఖాళీగా ఉన్నాను.

మూడు, అమ్మ ఫారం కూడా నేనే నింపాలి. పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో, గ్రీన్‌కార్డులో 01-07-1957. జాతకంలో మాత్రం దుర్ముఖి నామ సంవత్సరం ఆశ్వయుజ మాసం అని ఉంది. పెళ్లి తేదీ శుభలేఖలో 12-02-1976 గురువారం రాత్రి, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో 13-02-1976. ఏది రాయాలి?

ఆన్‌లైన్ ఫారం పూర్తి తేదీ ఇస్తేగాని ముందుకు పోనివ్వడం లేదు. ఉజ్జాయింపుగా రాస్తే అబద్ధం చెప్పినట్టవుతుందా?

పెన్నా తీరం

వంశధార గారూ, మీరడిగిన తేదీలన్నిటికీ ఒకే బరువు లేదు. అర్హతను తేల్చేవి కొన్నే: కార్డు మీది రెసిడెంట్ సిన్స్, 2024 ప్రయాణం మొదలు, చివర, టెక్సస్‌కి వచ్చిన రోజు. ఇవి రోజుతో సహా సరిగ్గా ఉండాలి. మిగతావాటిలో ఒకటి రెండు రోజుల తేడా వచ్చినా, అది ఉజ్జాయింపు అని మీరే చెప్పి ఉంటే ఇబ్బంది ఉండదు.

ప్రయాణాల గురించి వివరంగా రాస్తాను, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే.

ఫారం అడిగేది అమెరికా వదిలిన రోజు, అమెరికాలో మళ్లీ అడుగుపెట్టిన రోజు. మీ పాస్‌పోర్టులో ఉన్న ముద్రలు ఇండియావి. డల్లాస్‌లో 14 రాత్రి విమానం ఎక్కితే శంషాబాద్‌లో ముద్ర 16 తెల్లవారుజామున పడుతుంది. ఫారంలో 14 రావాలి, 16 కాదు. తిరుగు ప్రయాణంలో ఇంత తేడా రాదు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3 గంటలకు బయల్దేరితే చాలాసార్లు అదే తేదీన అమెరికాలో దిగుతారు. కానీ రాత్రి 11కి ఇమిగ్రేషన్ దాటి, అర్ధరాత్రి తర్వాత విమానం కదిలితే ముద్ర ముందురోజుది అవుతుంది. అందుకే ముద్రను చూసి నేరుగా ఎక్కించకండి. ముద్ర, టికెట్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అబుధాబి మీదుగా వస్తే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది, ఇక్కడ దిగాక వెతికినా ముద్ర కనిపించదు.

తేదీలు వెతికే క్రమం ఇది. మొదట సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వారి ఐ-94 (విదేశీయుల రాకపోకల రికార్డు) సైట్‌లో ప్రయాణ చరిత్ర చూడండి. గ్రీన్‌కార్డుదారులకు ఐ-94 ఇవ్వరు గాని, పాస్‌పోర్టు నంబరుతో వెతికితే రాకపోకలు చాలావరకు కనిపిస్తాయి. పాత పాస్‌పోర్టు నంబరుతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి విడివిడిగా వెతకాలి. కొత్త నంబరు ఒక్కటే పెట్టి 'నా ప్రయాణాలు సగం లేవు' అని కంగారుపడేవాళ్లు చాలామంది. ఆ పట్టికలోనూ కొన్ని తప్పిపోతాయి. అది అధికారిక రికార్డు కాదని సైట్‌లోనే రాసి ఉంటుంది. కాబట్టి అది మీ లెక్కకు తోడే తప్ప దానంతట అదే తుది సాక్ష్యం కాదు.

తర్వాత ఈమెయిల్‌లో 'ఈ-టికెట్', 'ఐటినరరీ' అని వెతకండి. ఇక్కడో మెలిక ఉంది. మొదట వచ్చిన మెయిల్‌లో ఉండేది మొదట బుక్ చేసిన తేదీ. ప్రయాణం వాయిదా పడి ఉంటే అసలు తేదీ తర్వాతి మెయిల్‌లో ఉంటుంది. ఆఖరి మెయిల్ చూడాలి, దొరికితే బోర్డింగ్ పాస్ ఇంకా మేలు. ఎయిర్‌లైన్ మైలేజీ ఖాతాలో నిజంగా ఎగిరిన తేదీలే ఉంటాయి కాబట్టి దానికి విలువ ఎక్కువ. ఇవేవీ లేకపోతే ఫోన్‌లో ఫోటోల తేదీలు, క్రెడిట్ కార్డు మీద విమానాశ్రయంలో చేసిన ఖర్చులు, ఇంట్లోవాళ్లకు 'దిగాను' అని పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు పనికొస్తాయి.

అప్పటికీ తేలకపోతే సీబీపీకి ఎఫ్ఓఐఏ (అమెరికా సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు పెట్టి మీ రాకపోకల రికార్డు అడగండి. ఆలస్యం కావచ్చు. ఈలోగా ఆన్‌లైన్ డ్రాఫ్ట్ మీద కన్నేసి ఉంచండి, 30 రోజులు ముట్టకపోతే చెరిగిపోతుంది.

బహామాస్ క్రూజ్ రాయాలి. ఓడ మయామీ రేవు వదిలిన రోజు, తిరిగి చేరిన రోజు, దేశం బహామాస్. క్రూజ్ బుకింగ్ మెయిల్‌లో రెండూ ఉంటాయి. నయాగరా సంగతి, అదే రోజు వెళ్లి 24 గంటల్లోపు తిరిగొస్తే రాయక్కర్లేదు. రాత్రి అక్కడ ఉండి 24 గంటలు దాటితే రాయాలి. రోడ్డు మీద వెళ్లాం, ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. సరిహద్దు దాటిన వివరాలను కెనడా, అమెరికా ఇచ్చిపుచ్చుకుంటాయి. హవాయి, ప్యూర్టో రికో, గువామ్ వెళ్తే అవి అమెరికాలోనివే, వాటిని రాయొద్దు.

రోజుల లెక్క: వెళ్లిన రోజు, వచ్చిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్కిస్తారు. కాబట్టి తిరిగొచ్చిన తేదీలోంచి వెళ్లిన తేదీ తీసేసి, ఇంకో ఒకటి తగ్గించండి. 2022 డిసెంబరు 14న వెళ్లి 2023 జనవరి 20న వస్తే తేడా 37, బయట ఉన్నది 36 రోజులు. ఐదేళ్లలో అమెరికాలో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు ఉండాలి. మీ కేసులో ఇది సులువుగానే దాటుతుంది.

ఇక మీ 2024 ప్రయాణం. 180 రోజులకు మించి బయట ఉంటే నిరంతర నివాసం (పౌరసత్వానికి కావలసిన ఐదేళ్లూ అమెరికాలోనే కాపురం ఉండటం) తెగిందని ముందే అనుకుంటారు, తెగలేదని నిరూపించాల్సిన భారం మీ మీద పడుతుంది. అది లీపు సంవత్సరం. జనవరి 9న వెళ్లి జులై 8న వచ్చి ఉంటే సరిగ్గా 180 రోజులు, గీత దాటలేదు. జులై 9న వచ్చి ఉంటే 181. ఒక్క రోజు అటూ ఇటూ అయితే కేసు రూపమే మారుతుంది. కాబట్టి ఈ ప్రయాణానికి 'జులై మొదట్లో' అనే మాట పనికిరాదు. ఎఫ్ఓఐఏ పెట్టాల్సి వచ్చినా సరే, రెండు తేదీలూ కాగితం మీద చూసుకున్నాకే సబ్మిట్ నొక్కండి.

మంజీర

పైన చెప్పినదానికి ఇళ్లు, ఉద్యోగాల సంగతి కలుపుతాను.

ఇంటి తేదీ అంటే మీరు అక్కడ నిజంగా ఉండటం మొదలుపెట్టిన రోజు. లీజు మొదలైన రోజు కాదు. ఆస్టిన్ లీజు 5న మొదలై మీరు 11న చేరితే 11 అని రాయాలి, అప్పటిదాకా న్యూజెర్సీ చిరునామానే నడవాలి. సామాను లారీ రసీదు, న్యూజెర్సీ అపార్ట్‌మెంట్ తాళాలు అప్పగించిన మెయిల్, ఆస్టిన్‌లో కరెంటు కనెక్షన్ మొదలైన తేదీ చూస్తే 11 అవునో కాదో తేలిపోతుంది.

ఈ తేదీ ఎందుకు ముఖ్యమంటే, దరఖాస్తు పెట్టే ముందు మీరుండే రాష్ట్రంలోగానీ యూఎస్‌సీఐఎస్ (పౌరసత్వం, వలస దరఖాస్తులు చూసే అమెరికా శాఖ) జిల్లాలోగానీ మూడు నెలలు నివాసం ఉండాలి. రెసిడెంట్ సిన్స్ తేదీ నుంచి ఐదేళ్లు నిండటానికి 90 రోజుల ముందు నుంచీ దరఖాస్తు పెట్టొచ్చు కాబట్టి మీకు 2026 మార్చి 20 నుంచి దారి తెరుచుకుంటుంది. కానీ జనవరి 11 నుంచి లెక్కేస్తే టెక్సస్‌లో మూడు నెలలు ఏప్రిల్ 11కి గానీ నిండవు. నా సలహా, ఏప్రిల్ 11 దాటాక పెట్టండి.

పాత అపార్ట్‌మెంట్ల తేదీలకు మొదటి ఆధారం లీజు కాగితాలు. అవి పోతే అపార్ట్‌మెంట్ ఆఫీసుకు మెయిల్ రాస్తే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో చెప్తారు. అద్దె కట్టిన బ్యాంకు లావాదేవీలు, క్రెడిట్ రిపోర్టులో పాత చిరునామాలు, అమెజాన్ ఆర్డర్లలో డెలివరీ చిరునామా మారిన నెల, ఇంటర్నెట్ కనెక్షన్ బదిలీ మెయిల్, ఇవన్నీ కలిపితే వారం రోజుల తేడాలోకి వచ్చేస్తారు. చిరునామా మారినప్పుడల్లా ఏఆర్-11 (చిరునామా మార్పు ఫారం) ఇచ్చి ఉంటే అందులో మీరు చెప్పిన తేదీ వాళ్ల దగ్గర ఉంది, దానితో పొసగాలి.

ఖాళీలు వదలకండి. ఒక ఇంట్లో జూన్ 30 వరకు, తర్వాతి ఇంట్లో జులై 12 నుంచి అని రాస్తే మధ్య పదకొండు రోజులు ఎక్కడున్నారని అడుగుతారు. స్నేహితుల ఇంట్లో ఉన్నా, ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్లో ఉన్నా ఆ చిరునామా కూడా ఒక వరుసగా రాయాల్సిందే. ఇండియా వెళ్లిన ఆరు నెలలూ ఇక్కడి ఇల్లు అట్టే ఉంచుకుంటే ఆ ఇల్లే కొనసాగినట్టు రాయండి. అది ఖాళీ చేసి వెళ్లి ఉంటే సంగతి వేరు, దాన్ని దాచకూడదు.

ఉద్యోగాలకు డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రం) చాలదు, అందులో సంవత్సరమే ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో చేరాల్సిన తేదీ ఉంటుంది, నిజంగా చేరిన తేదీ మొదటి పే స్టబ్‌లో (జీతం చీటీలో) తెలుస్తుంది. 'ది వర్క్ నంబర్' అనే ఉద్యోగ రికార్డుల సైట్‌లో మీ ఉద్యోగ రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. చాలా కంపెనీలు చేరిన తేదీ, మానేసిన తేదీ అందులో నమోదు చేస్తాయి. లేఆఫ్ విషయంలో రెండు తేదీలుంటాయి: ఆఫీసు పని ఆపేసిన రోజు, జీతాల పట్టీలోంచి పేరు తీసిన రోజు. నోటీసు కాలం 60 రోజులు ఇచ్చి ఉంటే ఈ రెండింటికీ రెండు నెలల తేడా వస్తుంది. కంపెనీ ఇచ్చిన సెపరేషన్ లెటర్‌లో ఉద్యోగం ముగిసిందని ఉన్న తేదీ రాయండి. ఆ మర్నాటి నుంచి కొత్త ఉద్యోగం ముందురోజు వరకు 'అన్‌ఎంప్లాయ్డ్' అని ఒక వరుస పెట్టండి. నిరుద్యోగం తప్పేమీ కాదు, ఆ మూడు నెలలు మాయం కావడమే అనుమానానికి తావిస్తుంది.

కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్లు క్లయింటు పేరు రాస్తుంటారు. రాయాల్సింది జీతమిచ్చిన కంపెనీ పేరు.

ఇంకొకటి. ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ ముందు మీ పాత ఫైలు కూడా ఉంటుంది. ఐ-485లో (గ్రీన్‌కార్డు దరఖాస్తులో) మీరిచ్చిన ఇళ్లు, ఉద్యోగాల పట్టిక అందులోదే. గ్రీన్‌కార్డు చేసిన లాయరు దగ్గర దాని కాపీ అడిగి తెచ్చుకోండి. దొరక్కపోతే యూఎస్‌సీఐఎస్‌కు ఎఫ్ఓఐఏ పెట్టి ఏ-ఫైల్ (వాళ్ల దగ్గరున్న మీ పూర్తి ఇమిగ్రేషన్ ఫైలు) తీసుకోవచ్చు. అప్పుడు రాసినది తప్పైతే ఇప్పుడూ అదే తప్పు రాయమని కాదు నా ఉద్దేశం. తేడా ఉందని మీకు ముందే తెలిసుండాలి, కారణం సిద్ధంగా ఉండాలి.

సాగర్ రోడ్

మంజీర గారి మూడు నెలల మాటకు చిన్న సవరణ. 90 రోజుల ముందస్తు అవకాశం వాడుకుని పెట్టేవాళ్లకు ఆ మూడు నెలలను ఇంటర్వ్యూ తేదీ నాటికి చూసే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. కాబట్టి మార్చి 20 తర్వాత పెట్టినా దానికదే తిరస్కరణకు కారణం కాదు. అయినా ఏప్రిల్ 11 దాకా ఆగితే ఈ చర్చే రాదు గనుక ఆగమనే నేనూ చెప్తాను. మూడు వారాల కోసం ఆఫీసర్‌తో నిబంధనల గురించి మాట్లాడాల్సిన అవసరం తెచ్చుకోవడం ఎందుకు?

90 రోజుల లెక్క మాత్రం నోటితో వెయ్యకండి. 'మూడు నెలలు' అనుకుని మార్చి 18 అనేవాళ్లుంటారు. అది 92 రోజులు, తొందరపడి పెట్టినట్టే. యూఎస్‌సీఐఎస్ సైట్‌లో దీనికోసమే లెక్కల సాధనం ఉంది. లెక్కకు ఆధారం రెసిడెంట్ సిన్స్ తేదీ. కార్డు ఇంటికి వచ్చిన తేదీ, కార్డు గడువు తేదీ దీనికి సంబంధించినవి కావు.

వంశధార

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. రెండు పాస్‌పోర్టులతో ఐ-94 సైట్‌లో చూశాను. 2024లో జనవరి 9న వెళ్లినట్టు, జులై 6న వచ్చినట్టు ఉంది. టికెట్ కూడా అదే చెప్తోంది. 2022 ప్రయాణంలో తిరిగి వచ్చిన తేదీ ఉంది కానీ వెళ్లిన తేదీ లేదు. ముద్ర ప్రకారం హైదరాబాద్‌లో దిగింది డిసెంబరు 17 తెల్లవారుజామున. టికెట్ మెయిల్ దొరకలేదు.

అమ్మ సంగతి కూడా ఎవరైనా చెప్తారా?

పెన్నా తీరం

జనవరి 9 నుంచి జులై 6 అంటే బయట ఉన్నది 178 రోజులు. గీత లోపలే ఉన్నారు. అయినా అంత దగ్గరగా ఉంది కాబట్టి ఆఫీసర్ అడిగే అవకాశం ఉంది. ఆ కాలంలో ఇక్కడి ఉద్యోగం కొనసాగినట్టు పే స్టబ్‌లు, ఇల్లు ఉంచుకున్నట్టు అద్దె రసీదులు, ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టు (పన్ను శాఖ ఇచ్చే రిటర్నుల సారాంశం) ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి. విమానం టికెట్ల కాపీలు కూడా.

2022కి, ముద్ర 17 తెల్లవారుజామున పడితే న్యూజెర్సీ నుంచి మీరు 15నో, ఆ అర్ధరాత్రి దాటాక 16నో బయల్దేరి ఉంటారు. ఆ వారం ఆ ఎయిర్‌లైన్ ఏ వేళకు బయల్దేరేదో పాత టికెట్ ఏదైనా ఉంటే చూడండి. తేలకపోతే 15 అని రాయండి. రెండింటిలో ఏది రాయాలో సందేహమైతే బయట ఉన్న రోజులు ఎక్కువ చూపించేది ఎంచుకోండి. మీకు లాభం కలిగే వైపు సర్దారన్న మాట రాకూడదు.

దాంతో పాటు ఫారం చివరి 'అడిషనల్ ఇన్ఫర్మేషన్' భాగంలో ఆ ప్రశ్నను ఎంచుకుని రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి: 2022 డిసెంబరు ప్రయాణంలో అమెరికా వదిలిన తేదీ ఉజ్జాయింపు, ఇండియాలో 2022 డిసెంబరు 17న దిగినట్టు పాస్‌పోర్టు ముద్ర ఉంది, దాని ఆధారంగా ఈ తేదీ ఇచ్చాను. అంతే. పొడుగాటి సంజాయిషీ అక్కర్లేదు. తేదీ, అది ఉజ్జాయింపు అన్న మాట, ఏ ఆధారంతో వేశారో చెప్పే మాట, ఈ మూడూ ఉంటే చాలు. ఉజ్జాయింపు తేదీలు నాలుగైదు ఉంటే ప్రతిదానికీ విడిగా ఇలా రాయాలి. 'తేదీలన్నీ ఉజ్జాయింపే' అని మొత్తానికి ఒక్క వాక్యం పడేస్తే కచ్చితంగా తెలిసిన తేదీల విలువ కూడా పోతుంది.

సబ్మిట్ చేశాక వచ్చే పీడీఎఫ్‌ను దాచుకోండి. ఇంటర్వ్యూలో ఆఫీసర్ చూసేది అదే.

నాగావళి

అమ్మగారి ఫారం గురించి. ఇలాంటి కేసులు మనవాళ్లలో చాలా ఎక్కువ. ఆ తరంలో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీయే పదో తరగతి మెమోలోకి, అక్కణ్నుంచి పాస్‌పోర్టులోకి వచ్చింది. జూన్, జులై ఒకటో తేదీలు అంత విరివిగా కనిపించడానికి కారణం ఇదే. ఇండియాలో జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది, 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు పల్లెల్లో పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రం లేకపోవడం మామూలే, ఆ సంగతి అమెరికా అధికారులకు తెలుసు.

ముందు జాతకం ఏం చెప్తోందో తేల్చుకోండి. దుర్ముఖి నామ సంవత్సరం 1956 ఉగాదికి మొదలై 1957 ఉగాదికి ముగిసింది. అందులో ఆశ్వయుజం 1956 అక్టోబరులో వస్తుంది. అంటే కాగితాల మీది తేదీకి దాదాపు తొమ్మిది నెలల ముందు. తిథి, వారం కూడా జాతకంలో ఉంటే పాత పంచాంగంతో ఇంగ్లీషు తేదీ కచ్చితంగా దొరుకుతుంది. తెలుగు సంవత్సరాలను మార్చేటప్పుడు పుష్యం, మాఘం, ఫాల్గుణం దగ్గర జాగ్రత్త. అవి చాలావరకు తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలోకి పోతాయి. అమ్మగారి పెళ్లే చూడండి, రాక్షస నామ సంవత్సరం మాఘ మాసం అంటే సంవత్సరం 1975లో మొదలైనా పెళ్లి జరిగింది 1976 ఫిబ్రవరిలో.

ఇప్పుడు ఫారంలో ఏం రాయాలి? పుట్టిన తేదీ గడిలో 01-07-1957 రాయండి, అమెరికా వరుసలో అంటే నెల ముందు, రోజు తర్వాత: 07/01/1957. ఈ నెల-రోజు తిరగేయడంలోనే జనవరి 7 అయిపోయిన ఫారాలు ఎన్నో ఉన్నాయి, రెండుసార్లు చూసుకోండి. పాస్‌పోర్టు, వీసా, గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ అన్నీ ఆ తేదీ మీదే నడిచాయి. దానికి వ్యతిరేకంగా మీ దగ్గర ఉన్నది జాతకం ఒక్కటే, అది ప్రభుత్వ రికార్డు కాదు.

అయితే ఇప్పటి ఫారంలో పుట్టిన తేదీ ప్రశ్న పక్కనే ఇంకో మాట ఉంది: ఎప్పుడైనా వేరే పుట్టిన తేదీలు వాడి ఉంటే వాటినీ అదనపు సమాచారంలో రాయమని. ఇది చాలామంది చదవకుండా దాటేస్తారు. అమ్మగారి ఆధార్, ఓటరు కార్డు, పాన్, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు తీసి చూడండి. పాత ఆధార్ కార్డులు కొన్నిటిలో పుట్టిన సంవత్సరమే ఉంటుంది, ఓటరు కార్డులో వయసు మాత్రమే ఉండవచ్చు. వాటిలో ఎక్కడైనా 1957 జులై 1 కాక వేరే తేదీ ఉంటే అది 'వాడిన తేదీ' కిందికి వస్తుంది, రాయాలి. జాతకంలోని తేదీని ఏ కాగితానికీ వాడకపోతే అది వాడిన తేదీ కాదు. కానీ ఇంటర్వ్యూలో 'మీ అసలు పుట్టినరోజు ఇదేనా' అని అడిగితే అమ్మగారు తడబడకూడదు. బడి రికార్డు ప్రకారం ఇది, ఇంట్లో జాతకం ప్రకారం 1956 అక్టోబరు అంటారు, జనన ధ్రువపత్రం లేదు అని ఉన్నదున్నట్టు చెప్తే సరిపోతుంది.

పుట్టినప్పుడే నమోదైన ధ్రువపత్రం మీ మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో దొరికి, అందులో 1956 ఉంటే మాత్రం కథ వేరు. అప్పుడు పౌరసత్వ ప్రమాణం చేసేలోపే సరిచేయించాలి. నాచురలైజేషన్ (పౌరసత్వ) సర్టిఫికెట్ చేతికొచ్చాక, దరఖాస్తులో మీరే సరైనదని చెప్పిన పుట్టిన తేదీ అసలుది కాదని ఎన్-565 (సర్టిఫికెట్ మార్పుకు పెట్టే ఫారం) పెట్టినా మార్చరు. యూఎస్‌సీఐఎస్ అచ్చుతప్పు చేసి ఉంటేనే సరిచేస్తారు. ఆ సర్టిఫికెట్ మీది తేదీయే అమెరికా పాస్‌పోర్టుకు, ఓసీఐ కార్డుకు, తర్వాత ప్రతిదానికీ మూలం అవుతుంది. ఇప్పుడు కొత్తగా ఆలస్య నమోదు చేయించి జాతకం తేదీతో ధ్రువపత్రం పుట్టించే ఆలోచన ఉంటే వద్దనే చెప్తాను. డెబ్బై ఏళ్ల తర్వాత నమోదైన కాగితానికి బరువు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

పెళ్లి తేదీకి 13-02-1976. శుభలేఖలో గురువారం రాత్రి అని వేసి, ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే మనకు తెల్లవారేదాకా గురువారమే, ఇంగ్లీషు లెక్కన శుక్రవారం వచ్చేసింది. 1976 ఫిబ్రవరి 13 శుక్రవారమే. సర్టిఫికెట్‌దే సరైన తేదీ, ఫారంలోనూ అదే. సర్టిఫికెట్‌లో పెళ్లి జరిగిన తేదీ, రిజిస్టర్ చేసిన తేదీ అని రెండుంటాయి. రాయాల్సింది పెళ్లి జరిగిన తేదీ. రిజిస్ట్రేషన్ ఎప్పుడో 2010ల్లో వీసా కోసం చేయించి ఉంటే పొరపాటున అది వేసేసేవాళ్లున్నారు.

సాగర్ రోడ్

'ఉజ్జాయింపు రాస్తే అబద్ధం అవుతుందా' అన్న మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు: కాదు. పౌరసత్వానికి అడ్డొచ్చేది లాభం పొందే ఉద్దేశంతో, ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం. దీనిమీద అమెరికా సుప్రీంకోర్టు 1988లో కుంగిస్ కేసులో తీర్పిచ్చింది, ఆ కేసు నడిచింది పుట్టిన తేదీ, పుట్టిన ఊరు తప్పుగా చెప్పడం మీదే. తేదీ తప్పైనంత మాత్రాన అది ఫలితాన్ని మార్చేంత ముఖ్యమైన తప్పు అయిపోదని, తప్పుడు సాక్ష్యం అనాలంటే ప్రయోజనం పొందాలనే ఉద్దేశం ఉండాలని కోర్టు చెప్పింది. అలాగని దాన్ని రక్షణ కవచంగా తీసుకోకండి. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది. మీకు కావలసింది ఇంటర్వ్యూ గదిలోనే తేలిపోయే ఫారం.

ఆచరణలో జరిగేది ఇది. ఆఫీసర్ మీ చేత ప్రమాణం చేయించి ఫారం మొత్తం మళ్లీ అడుగుతారు. ప్రయాణాల దగ్గర తన తెర మీది రికార్డుతో పోల్చుకుంటారు. తేదీ ఒకటి రెండు రోజులు తేడా వస్తే సరిచేసి, సవరణకు నంబరు వేసి, చివర మీ చేత సంతకం చేయిస్తారు. ఇది రోజూ జరిగే పని. ఇబ్బంది వచ్చేది ప్రయాణం మొత్తంగా పట్టికలో లేనప్పుడు, లేదా అర్హతకు దగ్గరి తేదీ మీకు అనుకూలంగా జరిగి ఉన్నప్పుడు. అందుకే మీ నయాగరా ప్రయాణంలో రాత్రి ఉన్నారో లేదో తేల్చుకోండి. తేదీ మరిచిపోయినా ఫరవాలేదు, ప్రయాణాన్ని మరిచిపోకూడదు.

ఇంటర్వ్యూలో తేదీ గుర్తురాకపోతే ఊహించి చెప్పకండి. 'కచ్చితంగా గుర్తులేదు, ఫారంలో రాసినది టికెట్ చూసి రాశాను' అనండి. చేతిలో పట్టిక ఉంచుకోండి: వెళ్లిన రోజు, వచ్చిన రోజు, దేశం, బయట ఉన్న రోజులు, ఏ ఆధారంతో. దరఖాస్తు పెట్టాక చేసిన ప్రయాణాలు కూడా అదే పట్టికలో కలపండి, వాటినీ అడుగుతారు. రద్దయిన పాత పాస్‌పోర్టు, కొత్తది రెండూ తీసుకెళ్లండి.

2024 ప్రయాణం 180 దాటి ఉన్నట్టు తేలి ఉంటే, ఆ కాలంలో ఇండియాలో ఎవరి దగ్గరైనా ఉద్యోగం చేసి ఉంటే, లేదా పాత ఐ-485లో చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ పొసగని పెద్ద తేడా ఉంటే లాయరుకు చూపించమనేవాణ్ని. మీరు చెప్పిన వివరాల్లో అవేవీ లేవు. అమ్మగారికి ఆధార్‌లోనో పాన్‌లోనో వేరే తేదీ బయటపడితే మాత్రం ఫారం పంపేముందు ఒక్కసారి ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

వంశధార

అమ్మ పాన్ కార్డులో కూడా 1957 జులై 1 ఉంది. ఆధార్‌లో 1957 అని సంవత్సరం మాత్రమే. నయాగరాలో ఒక రాత్రి ఉన్నాం, హోటల్ బిల్లు దొరికింది, దాన్ని కూడా పట్టికలో చేర్చాను. మా ఇద్దరి ఫారాలూ ఏప్రిల్ 11 తర్వాతే పంపుతాం.

నాగావళి

ఆధార్‌లో సంవత్సరం ఒకటే ఉంది, అదీ కాగితాలతో పొసగుతోంది కాబట్టి విడిగా రాయాల్సిన పనిలేదు. అమ్మగారు కూడా మీతోపాటే న్యూజెర్సీ నుంచి వచ్చి ఉంటే ఆవిడ ఫారంలో ఆస్టిన్ చిరునామా మొదలయ్యే తేదీ మీ దానిలో ఉన్నదే ఉండాలి. ఒకే ఇంటి నుంచి రెండు ఫారాలు వెళ్తున్నాయి, పాత ఇళ్ల తేదీలు కూడా వరుసకు వరుస పక్కన పెట్టి చూసుకుని పంపండి.